మూడో చరణం

సాల్మన్ భుజాన డోలక్ సంచి వేసుకుని బయలుదేరితే చిరాగ్‌పల్లిలో ఎదురొచ్చిన వాళ్లు పలకరించరు. తల వంచుకుని పక్కకు తప్పుకుంటారు. తప్పు వాళ్లది కాదు. ఆ డోలక్ పెళ్లికి మోగింది లేదు, పేరంటానికి మోగింది లేదు. స్కూటర్ మీద ప్రకాశం ముందు, సాల్మన్ వెనక కూర్చుని వచ్చి ఎవరి గుమ్మం ముందైనా దిగారంటే, ఆ ఇంట్లో మంచం పట్టిన మనిషి ఇక లేవడని ఊరికి అర్థమైపోయేది. "ఇయ్యాల ఎవలింటికే అన్నా?" అని అడిగే ధైర్యం ఒక్క టీ కొట్టు నాగరాజ్‌కే ఉండేది. వాడికైనా ప్రకాశం జవాబు ఒకటే.

"మీ ఇంటికైతే గాదు. చాయ్ పొయ్యి."

పగలు ఇద్దరూ తాపీ మేస్త్రీలు. మొగుడంపల్లి నుంచి జహీరాబాద్ దాకా వాళ్ల చెయ్యి పడని వాడ లేదు. ప్రకాశం గోడ కట్టే తీరూ పాట పాడే తీరూ ఒక్కలాగే ఉండేవి. తొందరపడడు, వరుస తప్పడు. ఆ పాట కూడా అతను సొంతంగా కట్టుకున్నదే. చర్చిలో పాడే కీర్తనల్లో వెతికితే దొరకదు.

ఆగు బాటసారీ, జర ఆగు
కాళ్ల దుమ్ము కడుగనియ్యి...

మూడు చరణాలు. మొదటి దాంట్లో నడిచి వచ్చిన బాట, రెండో దాంట్లో మోసిన బరువు, మూడో దాంట్లో ఆ బరువు దించుకోవడం. ఈ మూడోది మాత్రం ప్రకాశం తనంతట తాను ఎన్నడూ ఎత్తుకోలేదు. రెండు చరణాలు కాగానే ఆపేసి, మంచం పక్కన గొంతుక్కూర్చుని, జబ్బు మనిషి చెవి దగ్గర నోరు పెట్టి "ఏం గావాలె నీకు?" అని అడిగేవాడు. కొడుకుల్ని కాదు, కూతుళ్లను కాదు, ఆ మనిషినే. మూడో చరణం కావాలంటే పాడేవాడు. వద్దంటే డోలక్ సంచిలోకి పోయేది, మళ్లీ పిలిచిన నాడు వచ్చేవారు. మాట పడిపోతుందని భయపడే వాళ్లకు ముందుగానే చెప్పి ఉంచేవాడు.

"నోరు రాకుంటే ఫికర్ జెయ్యకు. మంచం పట్టె మీద రెండు వేళ్లతోని కొట్టు. మా సాల్మన్ గాడు ఇంటడు. వాని పనే అది."

ఒకసారి మొగుడంపల్లిలో రేవణసిద్ధప్ప పటేల్ తల్లికి బాగా లేదని కబురొచ్చింది. లింగాయత్ పెద్దింటి వాళ్లు కిరస్తానీ మేస్త్రీని పిలవడమేమిటని ఎవరూ అనుకోలేదు, చావు దగ్గర అవి గుర్తుకు రావు. వీళ్లు వెళ్లేసరికి ముసలామెను హైదరాబాద్ తీసుకుపోవడానికి వాకిట్లో కారు సిద్ధంగా ఉంది. కొడుకులు నలుగురూ ఏ దవాఖానకు అని కొట్లాడుకుంటున్నారు. ప్రకాశం రెండు చరణాలు పాడి, వంగి, ఏం కావాలని అడిగాడు. ఆమె కళ్లు తెరిచింది.

"చిన్నకోడల్ని అవతలికి పంపున్రి. దాని ఏడ్పు ఇని ఇని తలకాయ పలుగుతుంది. ఆ కారును గూడ పంపియ్యున్రి."

అంతమంది కొడుకులుండి ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. కారు వెళ్లిపోయింది. చిన్నకోడలు వంటింట్లోకి పోయి, ఏడవాలో నవ్వాలో తెలియక కూర్చుంది. ముసలామె వీళ్లను రెండుసార్లు వెనక్కి పంపి, ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మంచం పట్టె మీద రెండు వేళ్లు కొట్టింది. పక్కనే కూర్చున్న రేవణసిద్ధప్పకు వినపడలేదు. గుమ్మం దగ్గరున్న సాల్మన్‌కు వినపడింది.

తిరుగు దారిలో స్కూటర్ ఆపి, ఒక అల్లం చేను గట్టున కూర్చుని ఇద్దరూ తెచ్చుకున్న రొట్టె తింటుండగా ప్రకాశం ఉన్నట్టుండి అడిగాడు.

"మరి నా కాడ ఎవడు పాడుతడు రా?"

"ఎవలో ఒకలు పాడుతరు తియ్యి అన్నా. నేనైతే కొడుత."

"నువ్వు కొడితే సాలు. పాట నాకొచ్చు."

నవ్వుతూ అన్న మాటే. కానీ సాల్మన్ దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. మనసులో ఒట్టు పెట్టుకున్నాడు.

సిమెంటు, రాతి దుమ్ము ఏళ్ల తరబడి పీల్చిన రొమ్ము ఊరికే ఉంటుందా? ముందు దగ్గు వచ్చింది. తర్వాత మెట్టు ఎక్కితే ఆయాసం, ఆ తర్వాత ముద్ద మింగితే ఆయాసం. ప్రకాశానికి ఒక్కతే కూతురు, ప్రియాంక. జహీరాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. పరీక్షలన్నీ తనే దగ్గరుండి చేయించింది. ఫలితం వచ్చిన సాయంత్రం సాల్మన్‌ను ఇంటి వెనక బట్టలుతికే బండ దగ్గరికి తీసుకుపోయింది.

"కాకా, నీకొక్కనికే చెప్తున్న. అమ్మకు గూడ తెల్వది. నాయిన ఊపిరితిత్తులు గట్టిపడిపోయినయి. దానికి మందు లేదు."

"మీ నాయినకు చెప్పినవా?"

"దమ్ము, ఉబ్బసం అని చెప్పిన. అసలు సంగతి తెలిస్తే ఇయ్యాలనే కుంగిపోతడు. కాకా, నువ్వు దినాం రా, కూసో, మాట్లాడు. డోలక్ మాత్రం ఈ ఇంట్లకు తేకు. అది చూసిండంటే నేను నోరు దెరిచి చెప్పినట్టే. నీ కాళ్లు మొక్కుత."

నిజంగానే వంగబోయింది. సాల్మన్ ఆపి, సరేనన్నాడు. ఆ పిల్లను తన భుజాల మీద ఎక్కించుకుని తిప్పాడు, కాదని ఎట్లా అంటాడు? సాల్మన్ మెత్తని మనిషి. గట్టి మనుషులు చేసిన చెడ్డ గురించి ఊరంతా చెప్పుకుంటుంది గాని, మెత్తని మనుషుల వల్ల ఎంత చెడు జరుగుతుందో ఎవరూ చెప్పుకోరు.

అప్పటి నుంచి రోజూ పొద్దు వాలే వేళకు ఉత్త చేతులతో వెళ్లేవాడు. ప్రకాశం నులక మంచం మీద దిండ్లకు ఆనుకుని, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని ఉండేవాడు. భార్య నారమ్మ కాళ్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూనో, బియ్యంలో రాళ్లు ఏరుతూనో ఉండేది. సాల్మన్ అల్లం ధర గురించి మాట్లాడేవాడు. చెరుకు లారీ బోల్తా పడిన సంగతి, ట్రాక్టర్ల కంపెనీలో ఎవరి కొడుక్కో నౌకరీ వచ్చిన సంగతి చెప్పేవాడు. చావు ఇంటికి వెళ్లి వానల గురించి మాట్లాడే చుట్టాలను ఇద్దరూ కలిసి ఎంత ఎగతాళి చేసేవారో! ఇప్పుడు తానే ఆ చుట్టమయ్యాడు.

ఒకరోజు ప్రకాశం అతని చేతులకేసి చూశాడు.

"డోలక్ ఏది రా?"

సాల్మన్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నోటికొచ్చింది అనేశాడు.

"తోలు పగిలింది అన్నా. బీదర్‌ల ఎక్కియ్యనిచ్చిన."

ప్రకాశం చాలాసేపు అతని మొహంలోకి చూశాడు. "మంచి తోలు ఎక్కియ్యమను," అని కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు సాల్మన్ గడపలో కాలు పెట్టీ పెట్టకముందే అడిగాడు. "తోలు ఎక్కిందా?" బీదర్ ఆయన బిడ్డ పెళ్లిలో ఉన్నాడని సాల్మన్ చెప్పాడు. ఆ మర్నాడు ముసురుకు తోలు ఆరడం లేదన్నాడు. ఇంకోనాడు తెచ్చిన తోలు పలచగా ఉందని వెనక్కి పంపానన్నాడు. ఒక అబద్ధం ఆడితే దాన్ని కాపాడటానికి రోజుకొకటి కావాలి. పాపం, అబద్ధాలు అల్లడం సాల్మన్‌కు బొత్తిగా అలవాటు లేదు, ఒకసారి చెప్పిన పెళ్లినే మళ్లీ చెప్పేవాడు.

"ఆ బీదర్ ఆయనకు ఎంతమంది బిడ్డలున్నరు తమ్మీ?" అంది నారమ్మ విసుగ్గా. "జర జల్ది ఎక్కియ్యమను. ఈయన నిద్రల గూడ అదే అడుగుతుండు. సప్పుడు ఇంటే జర నెమ్మదిగ ఉంటడేమో."

ఆమె అమాయకంగానే అంది. డోలక్ వస్తే ఏమని అర్థమో ఆమెకు తెలియక కాదు. మొగుడికి వచ్చింది ఉత్త దమ్మేనని నమ్మింది కాబట్టి, ఆ డోలక్‌కు తన ఇంట్లో ఆ అర్థం లేదనుకుంది.

సాల్మన్ ఇంట్లో అటక మీద డోలక్ క్షేమంగా ఉంది. తాళ్లు బిగిసే ఉన్నాయి, తోలు మీద గీత కూడా లేదు. రాత్రి అన్నం తిన్నాక దాన్ని ఒకసారి కిందికి దించి, తుడిచి, మళ్లీ పైన పెట్టేవాడు. ప్రకాశానికి అంతా తెలిసిపోయిందని అతనికి తెలుసు. ఎందరి మంచాల పక్కనో కూర్చున్న మనిషికి తన ఆయాసం ఏమిటో ఒకరు చెప్పాలా? ఆ మనిషి అడుగుతున్నది తోలు గురించి కాదని కూడా తెలుసు. అయినా ఉత్త చేతులతోనే వెళ్లాడు. ప్రియాంకకు ఇచ్చిన మాట అని పైకి చెప్పుకున్నాడు గాని, అసలు సంగతి వేరే. డోలక్ తీసుకుపోతే ప్రకాశం వెళ్లిపోతాడు. ప్రకాశం వెళ్లిపోవడం సాల్మన్‌కు ఇష్టం లేదు. తాను ఒంటరివాడై పోతానని భయం, అంతే.

చివరికి ఒకనాడు ప్రకాశం అడగడం మానేశాడు. సాల్మనే ఉండబట్టలేక, "బీదర్ ఆయన ఈ వారం ఇస్తనన్నడే," అన్నాడు. ప్రకాశం నవ్వబోయి దగ్గాడు.

"పోనియ్యి తమ్మీ. ఆయనకేం తొందర."

అదే ఆఖరి మాట. తెల్లారి ఊపిరి అందక కళ్లు తేలేస్తుంటే ప్రియాంక అంబులెన్స్ పిలిచి, హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. సాల్మన్ పరుగున వచ్చేసరికి వాకిట్లో చక్రాల గుర్తులే ఉన్నాయి.

అప్పుడు అటక మీది డోలక్ దించి దుప్పట్లో చుట్టాడు, దాన్ని బట్టల సంచిలో దూర్చాడు, బస్సెక్కాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. దారి పొడుగునా తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు.

దవాఖానలో మెషీన్ల గదిలోకి ఒక్కొక్కరినే పంపుతారు. నారమ్మను బయట కుర్చీలో కూర్చోబెట్టి, సంచి ఆమె కుర్చీ కింద పెట్టి, సాల్మన్ లోపలికి వెళ్లాడు. ప్రకాశం నోట్లో గొట్టం ఉంది, పెదవుల చుట్టూ టేపు అంటించారు. ఆ నోరు ఇక పాడదు, మాట్లాడదు, తోలెక్కిందా అని అడగదు. గొట్టం పీక్కుంటున్నాడని రెండు చేతులూ గుడ్డపట్టీలతో మంచం కడ్డీలకు కట్టేశారు. సాల్మన్ ఆ పట్టీల వంక చూస్తూ నిలబడ్డాడు. ఎంత బరువైన బండనైనా సుతారంగా తిప్పి పెట్టిన చేతులవి.

కుడిచేతి వేళ్లు రెండు లేచాయి. కడ్డీ మీద పడ్డాయి. ఆగి, మళ్లీ లేచి, మళ్లీ పడ్డాయి.

సాల్మన్‌కు అదేమిటో తెలిసిపోయింది. వెంటనే తన వేళ్లు కడ్డీ మీద ఆనించి జవాబు కొట్టసాగాడు. రెండో దెబ్బకే నర్సు వచ్చింది.

"తాతా, బెడ్‌ను కొట్టొద్దు. పేషెంట్ డిస్టర్బ్ అయితడు. టైమ్ అయిపోయింది, ఇగ నడువు."

ఆ అమ్మాయి కసురుకోలేదు. మెల్లగానే చెప్పింది. సాల్మన్ మెల్లగానే బయటికి వచ్చాడు. అతనికి వచ్చిన విద్య అదొక్కటే కదా, ఎవరేం చెప్పినా మెల్లగా వినడం.

వరండాలో ప్రియాంకను పట్టుకున్నాడు. "బిడ్డా, మీ నాయిన అడుగుతుండు. వేళ్లతోని కొడుతుండు."

"అది నరాలు గుంజుడు కాకా. మత్తుమందు మీద ఉన్నోళ్లకు గట్లనే అయితది. నేను దినాం చూస్త."

"గుంజితే చెయ్యంత గుంజాలె గద. రెండు వేళ్లే ఎట్ల గుంజుతయి?"

ప్రియాంక గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చుంది. నర్సుగా ఆమె చెప్పేదీ నిజం కావచ్చు, డోలక్ కొట్టేవాడు వినేదీ నిజం కావచ్చు. ఏది నిజమో తేల్చగలిగిన ఒక్క మనిషి నోట్లో గొట్టం ఉంది.

డాక్టర్ వయసులో చిన్నవాడు. ఇద్దరినీ గదిలోకి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఊపిరితిత్తులు ఇక కోలుకోవు. మెషీన్ మీద కొన్నాళ్లు ఉంచవచ్చు, లేదా ఇంటికి తీసుకుపోవచ్చు. ఇంటికి తీసుకుపోతే ఎక్కువసేపు ఉండడు.

"మీరు నిర్ణయించే ముందు ఒక్కటి అడుగుతాను. ఇలాంటి పరిస్థితి వస్తే ఏం కావాలో ఆయన ఎప్పుడైనా చెప్పారా? మీలో ఎవరైనా ఆయన్ను అడిగారా?"

 ఊరూరా తిరిగి, కులం చూడక, ఆస్తి చూడక, పోయే ప్రతి మనిషినీ వంగి ఆ మాటే అడిగిన వాడు ప్రకాశం. అతన్ని ఎవరూ అడగలేదు. పైగా అతను తానుగా అడిగితే, తోలు పగిలిందని చెప్పారు.

"ఇంటికి తీస్కపోదాం బిడ్డా," అన్నాడు సాల్మన్.

"నేను ఏం జెయ్యాల్నుండె కాకా?" ప్రియాంక ఏడ్చేసింది. "ఎవలెవల నాయినలనో కాపాడుకుంట, నా నాయినను ఊకె చూస్కుంట కూసోవాల్నా?"

 ఆ పిల్ల చేసింది ప్రేమతోనే చేసింది. సాల్మన్ చేసిందీ ప్రేమతోనే. ఇద్దరి ప్రేమ కలిసి ఆ మనిషి చేతులు కట్టేసింది.

మధ్యాహ్నానికి అంబులెన్స్ బయలుదేరింది. నారమ్మ ముందు డ్రైవర్ పక్కన కూర్చుంది. వెనక ప్రియాంక తండ్రి తల దగ్గర కూర్చుని, గొట్టానికి తగిలించిన గాలి సంచిని చేత్తో ఒత్తుతూ ఊపిరి పోస్తోంది. రెండో చెయ్యి అతని మణికట్టు మీద ఉంది. కట్లు విప్పేశారు. ప్రకాశం చేతులు స్ట్రెచర్ అంచున తెరిచి పడున్నాయి. పటాన్‌చెరు రద్దీ దాటాక సాల్మన్ దుప్పటి విప్పి, డోలక్ ఒడిలో పెట్టుకున్నాడు.

"నువ్వు పాడు బిడ్డా."

"నాకు రాదు కాకా."

"నువ్వు పుట్టిన కాన్నుంచి ఇంటున్న పాటనేనాయె. రాకపోవుడేంది? పాట రాని నా అసుంటోడు అడుగుతుండు, పాడు."

ఆమె తల అడ్డంగా ఊపింది. సాల్మన్ ఒక్కడే మెల్లగా కొట్టసాగాడు. పాట లేని డోలక్ ఆ ఇరుకులో ఏదో తలుపు కొడుతున్నట్టుంది. కిటికీలోంచి ట్రాక్టర్లు ఎక్కించుకున్న పొడుగు లారీలు, టోల్‌గేటు, మక్కజొన్న చేలు వెనక్కి పోతున్నాయి. సంగారెడ్డి దగ్గరపడింది. ప్రియాంక ఒకసారి తండ్రి మెడ మీద వేళ్లు పెట్టింది. కనురెప్ప ఎత్తి చూసింది. కాసేపు బయటికి చూస్తూ కూర్చుంది. గాలి సంచి ఒత్తడం మాత్రం ఆపలేదు.

ఉన్నట్టుండి పాట ఎత్తుకుంది.

గొంతు అచ్చం తండ్రిదే. సాల్మన్ చేతులకు ప్రాణం లేచొచ్చింది. నడిచి వచ్చిన బాట అయింది. మోసిన బరువు అయింది. రెండు చరణాలు కాగానే ప్రియాంక ఆగింది, తండ్రి ఆగినట్టే. సాల్మన్ డోలక్ మీద అరచేతులు ఆనించి వంగాడు.

"అన్నా, డోలక్ తెచ్చిన. ఏం గావాలె నీకు?"

స్ట్రెచర్ అంచున ఉన్న రెండు వేళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. రొమ్ము పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. వేళ్లు కదలలేదు. అన్న ఇంకా అడగలేదు కదా, తొందరేముంది అనుకున్నాడు. అడగనిదే మూడోది ఎత్తుకునేది లేదు, అది ప్రకాశం పెట్టిన పద్ధతి. సదాశివపేట పోయింది. జహీరాబాద్ పోయింది. సాల్మన్ కళ్లార్పకుండా వేళ్లనే చూస్తున్నాడు. ఈసారి ఎంత చిన్న చప్పుడైనా వింటాడు, ఎవరు వద్దన్నా కొడతాడు.

చిరాగ్‌పల్లిలో ఇంటి ముందు బండి ఆగింది. జనం ఉన్నారు. నాగరాజ్ కొట్టు మూసేసి వచ్చి నిలబడ్డాడు. ప్రియాంక గాలి సంచి మీది నుంచి చెయ్యి తీసింది. రొమ్ము దిగింది, మళ్లీ లేవలేదు.

"ఒత్తు బిడ్డా, ఎందుకాపినవ్? ఇంక అడుగనేలేదు!"

"నాయిన సంగారెడ్డి కాడనే పోయిండు కాకా."

సాల్మన్‌కు ఆ మాట ఎక్కడానికి కొంచెంసేపు పట్టింది. "మరి పాడితివి?"

"నువ్వు అడిగితివి గద."

వెనక తలుపు తెరుచుకుంది. నారమ్మ కింద నిలబడి ఉంది. ముందు కూర్చున్నా ఆమెకు డోలక్ వినపడుతూనే ఉంది. పాట విన్నాక ఆమెను ఎవరూ కూర్చోబెట్టి చెప్పాల్సిన పని లేకపోయింది. మొగుడి పాదాలు రెండూ పట్టుకుంది. తర్వాత సాల్మన్ ఒడిలో ఉన్న డోలక్ మీద చెయ్యి పెట్టి, తోలును నిమిరింది. ఏళ్లుగా అరచేతులు పడీ పడీ నున్నగా అయిన తోలు అది.

"ఎప్పుడు ఎక్కిచ్చినవ్ తమ్మీ?" అని అడిగింది.